గండికోట రాతిలో సూర్యలంక అలలు

తెనాలిలో రైలెక్కింది మొదలు జమ్మలమడుగులో బస్సు దిగేదాకా చెప్పుకోదగ్గదేమీ లేదు. గండికోటలో పెన్న అంచుకు వచ్చాక మాత్రం కాలు కదలలేదు. దాదాపు 300 అడుగుల కింద నీళ్లు. ఇరువైపులా ఎర్రమల కొండల రాయి, నిలువునా చీలి, పెట్టెలు పేర్చినట్టు. మాది డెల్టా నేల. తెనాలి నుంచి రేపల్లె దాకా పునాదికి ఎంత తవ్వినా మట్టే. అందుకేనేమో, ఇక్కడి రాయిని ఎంత తడిమినా తనివి తీరలేదు.

ఓ బండ మీద కూర్చుంటే అరచేతికి సన్నటి గట్లు తగిలాయి. వంగి చూశాను. అలల గీతలు, వేలెడు ఎడంతో, ఒకదాని వెనక ఒకటి. బాపట్ల దగ్గర సూర్యలంకలో నీరు తీశాక తడి ఇసుక మీద ఉండేవి అచ్చం ఇవే! ఇదీ ఒకనాటి తీరపు ఇసుకే. పొర మీద పొర పడి, బరువుకు నలిగి, రేణువుల సందుల్లో సిలికా పేరుకుని గట్టిపడింది. భూగర్భ శాస్త్రంలో దీని పేరే గండికోట క్వార్ట్‌జైట్. దీని అడుగునుండే తాడిపత్రి పొరల్లోకి పులివెందుల దగ్గర చొరబడిన శిలాద్రవం వయసు 188 కోట్ల ఏళ్లని తేల్చారు. ఈ బండల్లో ఆకు అచ్చు, చేప ముల్లు ఎంత వెతికినా దొరకవు. అప్పటికి చెట్టూ లేదు, చేపా లేదు. అల ఉంది.

ఇంత గట్టి రాయిని కోసింది కరువు సీమలో పారే పెన్న. వరదొచ్చినప్పుడల్లా ఇసుకా గులకరాళ్లూ ఈడ్చుకొచ్చి పగుళ్లను ఒరుసుకుంటూ పోయింది. ఆ లోయే కోటకు కందకమైంది. పెమ్మసాని నాయకులేలిన ఈ కోట 1650లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా వశమైంది. రెండేళ్లకు ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తవెర్నియే వచ్చి అతణ్ణి కలిసింది ఇక్కడే. మసీదు పక్కన ధాన్యాగారంలోకి వెళ్లి చూస్తేగాని ముట్టడి అంటే ఏమిటో తెలియదు.

మధ్యాహ్నం ఊళ్లో ఒకరి అరుగు మీద సంగటి, ఊరిబిండి. అంత రుచి ఏ హోటల్లోనూ ఎరగను. "కాలవ నీళ్లుండే పక్కోళ్లు గదా సామీ, ఈ రాళ్లలో ఏం జూచ్చారు?" అందా పెద్దావిడ. గీతల బండ సంగతి చెప్పాను.

"దాని మీదే గదా మేం చెనిక్కాయలు ఎండబోసేది!"

సాయంత్రం దాకా మళ్లీ బండల మీదే ఉన్నాను. కొన్నింటి మీద ఎవరెవరో రంగుతో పేర్లు రాసిపోయారు. చూస్తే కడుపు రగిలింది. ఆ రంగు గోకితే దానితోపాటు అల గీతలూ పోతాయి.