శివారు చేనుకో గడియారం

బందరులో ఇ.సి.ఇ. చదివే రోజుల్లో, సింక్రనస్, అసింక్రనస్ సర్క్యూట్లలో ఏది నమ్మదగ్గదని పరీక్షలో అడిగితే ఆలోచించకుండా "సింక్రనస్" అని రాశాను. ఒకటే క్లాకు, అందరూ ఒకేసారి అడుగేస్తారు. ఆ జవాబు తప్పు కాదు. కాకపోతే అది ఎగువ చేను వాళ్ల జవాబు.

మాది దివిసీమ. ప్రకాశం బ్యారేజీ దగ్గర వదిలిన నీళ్లు పులిగడ్డ అక్విడక్టు దాటి మా వైపుకొస్తాయి. నీళ్లు తక్కువైన ఏడు వంతులు పెడతారు: ఇన్ని రోజులు మీకు, ఇన్ని రోజులు వాళ్లకి. మాది శివారు పొలం. మా వంతు మొదలయ్యేది గానీ నీళ్లింకా దారిలోనే ఉండేవి. అవి బోదెలోకి దిగేసరికి వంతు అయిపోయేది.

చిప్పులో దీన్నే సెటప్ టైమ్ వయొలేషన్ అంటారు. డేటా ఆలస్యమైతే ఫ్లిప్‌ఫ్లాప్ పాత విలువనే పట్టుకుంటుంది. సరిగ్గా మారే క్షణంలో క్లాకు కొడితే సున్నాకీ ఒకటికీ మధ్య ఊగిసలాడుతుంది. అందుకే క్లాకు వేగాన్ని అన్నిటికన్నా నెమ్మదైన దారిని చూసి పెట్టాలి. అంటే వంతుని శివారు చేనుని చూసి పెట్టాలి.

అసింక్రనస్‌లో గడియారం ఉండదు. "పంపుతున్నా" అని ఒకరు, "అందింది" అని ఇంకొకరు. సరిగ్గా డిజైన్ చేస్తే, వోల్టేజీ పడిపోయినా వేగం తగ్గుతుందంతే, లెక్క తప్పదు. 1989లో కాల్‌టెక్‌లో అలైన్ మార్టిన్ బృందం ఇలా క్లాకు లేని మైక్రోప్రాసెసర్ చేసి చూపించింది. ఆ సంగతి చదివినప్పుడు నాకు నాన్న, పెదనాన్న గుర్తొచ్చారు. పెదనాన్న చేను మాకు ఎగువ. తడి అవగానే ఆయన గట్టు మీంచి కేకేసేవారు, నాన్న వెళ్లి మా మడవ తీసేవారు. ఏ గడియారమూ చూసేవాళ్లు కాదు.

ఒక ఏడు గట్టు దగ్గర మాటామాటా వచ్చి ఇద్దరికీ మాటల్లేవు. నాన్న కేక కోసం చూశారు. పెదనాన్న, అడిగితే చెబుదామని చూశారు. మా చేను ఎండిపోయింది. "అందింది" రాకపోతే అసింక్రనస్ సర్క్యూట్ తప్పు జవాబివ్వదు, అలాగే నిలబడిపోతుంది. డెడ్‌లాక్.

ఇప్పుడైతే ఆ పరీక్షలో ఇలా రాస్తాను: క్లాకు మాటల్లేని వాళ్లని కూడా కలిపి నడిపిస్తుంది, కానీ వెనకబడ్డవాడి కోసం ఆగదు. కేక ఎవరికోసమైనా ఆగుతుంది, కానీ ఒక్కోసారి ఆగి అక్కడే ఉండిపోతుంది. అందుకే మేం రాసే ప్రోగ్రాముల్లో ఎదురుచూపుకి ఒక టైమవుట్ పెడతాం.

మరుసటి ఏడు నాన్న మూడు రోజులు చూశారు. నాలుగో రోజు పొద్దున్నే చెప్పులేసుకుని పెదనాన్న వాకిట్లోకి వెళ్లి అడిగారు: "అన్నయ్యా, తడి అయ్యిందా?"