మన్యమున సంక్రాంతి సెలవులు

విదేశయాత్ర యనగానే మన కన్నులయెదుట సముద్రములును విమానములును మెదలును. నేడు మన తెలుగుబిడ్డలనేకులు చదువులకై జర్మనీ దేశమునకు బోవుచున్నారు. అచ్చట డిసెంబరు 24వ తేదీ సాయంకాలమునకు అంగళ్లు మూతపడును. ఎవరి కుటుంబముతో వారు ఇంటజేరి క్రిస్మసు జరుపుకొందురు. ఆ రాత్రి పరదేశికి తోడెవ్వరు? స్నేహితుడెవ్వడైన తన యింటికి రమ్మని పిలువకున్న ఆ చలికాలపు సెలవులు మిక్కిలి దీర్ఘములు. పిలిచిన యింటనైనను ఎప్పుడు కూర్చుండవలెనో, ఏ మాటకు నవ్వవలెనో తెలియక, పసిబిడ్డవలె పదుగురను జూచి నడచుకొనవలసియుండును. ఇట్టి పరదేశిత్వము ననుభవించుటకు సముద్రము దాటనక్కరలేదు. ఖమ్మమున బయలుదేరి గోదావరి దాటిన చాలును.

మా వారు ఉపాధ్యాయులు. వారితో నొకప్పుడు కలసి పనిచేసిన కోయ ఉపాధ్యాయుడొకరును, ఆయన భార్యయు మాకు చిరకాలమిత్రులు. వారు మా యింటికి పలుమారులు వచ్చియుండిరి. 2025వ సంవత్సరమున ముక్కోటి ఏకాదశి జనవరి 10వ తేదీన వచ్చినది. సంక్రాంతి సెలవులు దానివెంటనే వచ్చినవి. "ఈసారి దేవుని చూచి మా యూరికి రావలె నక్కా" యని యామె పట్టుబట్టగా, పిల్లలిద్దరను వెంటబెట్టుకొని పయనమైతిమి.

ఖమ్మమునుండి తల్లాడ, కొత్తగూడెము, పాల్వంచల మీదుగా భద్రాచలము సుమారు 120 కిలోమీటర్లు. దశమి సాయంకాలము స్వామి హంసవాహనముపై గోదావరిలో విహరించు తెప్పోత్సవమును, మరునాటి తెల్లవారుజామున ఉత్తరద్వార దర్శనమును చేసికొంటిమి. భద్రాద్రి యనగానే మనకు రామదాసుగారు తలపునకు వత్తురు. కాని స్థలపురాణము ననుసరించి, పుట్టలోనున్న స్వామిని మొట్టమొదట కనుగొని, పందిరి వేసి, తాటిపండ్లు నివేదించినది భద్రిరెడ్డిపాలెపు పోకల దమ్మక్క యను అడవిబిడ్డ. గోపన్నగారు కట్టించిన కోవెల పిమ్మటిది. అనగా స్వామికి సైతము ఈ నేలపై తొలి యాతిథ్యమిచ్చినది మన్యపుటింటి ఆడుదియే. ఈ సంగతిని మనసునం దుంచుకొని మరునాడు అడవిదారి పట్టితిమి.

భద్రాచలమునుండి చర్లకు బోవు బస్సు ఊరు దాటగానే ఎటపాకను జేరును. జటాయువు కూలిన చోటిదియే యని యచ్చటివారు చెప్పుదురు. చిత్రమేమనగా, భద్రాచలము తెలంగాణమునందున్నది, ఎటపాక ఆంధ్రప్రదేశమునందున్నది, మరికొంత దూరము పోయిన పిమ్మట దుమ్ముగూడెపు సీమ మరల తెలంగాణమే. ఒక్క బస్సు టిక్కెట్టుతో మా పిల్లలు రెండు రాష్ట్రముల సరిహద్దులను రెండుమారులు దాటి కేరింతలు గొట్టిరి. ఈ సీమ 1860 వరకు నిజాము ప్రభువులది. ఆ యేట ఆంగ్లేయుల చేతబడినది. 1874లో మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాలో చేరినది. 1959లో ఖమ్మము జిల్లాకు వచ్చినది. 2014లో పోలవరము ముంపు నిమిత్తము ఎటపాక మొదలగు గ్రామములును, కూనవరము, చింతూరు మున్నగు మండలములును ఆంధ్రప్రదేశమున గలిసినవి. భద్రాచలము మాత్రము తెలంగాణమున నిలిచి, 2016లో భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలోనిదైనది. ఇండ్లు కదలలేదు, రాజ్యములు మాత్రము వాని మీదుగా నడచిపోయినవి.

దుమ్ముగూడెమువద్ద గోదావరికి అడ్డముగా పాత రాతికట్టడము గలదు. పందొమ్మిదవ శతాబ్దిమున నదిని పడవల రహదారిగా చేయదలచి తలపెట్టిన పనులలోనిది. ఆ పనులు 1871లో నిలిచిపోయినవి. అచ్చటికి సమీపముననే పర్ణశాల. సీతమ్మ చీరె లారవేసిన గుర్తులని వాగులోని రాళ్లను చూపింతురు. ఆ రహదారిని విడిచి మట్టిబాట పట్టి, రెండు వాగులు దాటి, సందెవేళకు మిత్రుల గూడెము జేరితిమి.

మా చెల్లి (ఆమెను మే మట్లే పిలుతుము) వాకిట నిలిచియుండెను. కాళ్లకు నీళ్లిచ్చుచు పిల్లలతో "ఏరు" అనినది. వారు వాగెక్కడనా యని చుట్టును చూచిరి! కోయభాషలో నీటిని ఏరందురు. మనకు ఏరనగా పారు నీరు. వారికి నీరంతయు నేరే. వారి మాటలో ఇల్లు "లోను". మనము లోనికి రమ్మందుము. వారికి లోననుటయే ఇల్లు. పండుగను పండుమందురు. ఎన్నడో యొక్క తల్లి కడుపున బుట్టి వేరుపడిన యక్కచెల్లెండ్రవలె ఈ రెండు భాషలును ఒకదాని ముఖము నొకటి గుర్తించుచు, గుర్తించలేకయు నుండును. మేము చిన్ననాట తండ్రిగారియొద్ద అమరమును ప్రబంధములను వల్లించినవారము. నీటికి ఎన్ని పర్యాయపదములో చెప్పగలము. ఇరుగుపొరుగు గడపలో పలుకు ఈ యొక్క మాట మా నిఘంటువులో లేకపోయెను.

ఇల్లు మట్టిగోడలది, పేడతో అలికిన నేల అద్దమువలె నుండెను. చలి తీవ్రమైన కాలమది. చీకటి పడగానే వాకిట నెగడు వేసిరి. దాని చుట్టును ముసలివారు, పిల్లలు, కుక్కలు, మేము. ఊరందరును ఒక్కొక్కరే వచ్చి మమ్ము చూచిపోయిరి. ఖమ్మమున మేము నలుగురిలో నొకరము. ఇచ్చట మా కట్టు, మా బొట్టు, మా నడక, అన్నియు వింతలే. చూచుటకు వచ్చితిమనుకొన్న మేము చూడబడితిమి. మనుచరిత్రములోని ప్రవరుడు పాదలేపనము కరగిపోయి హిమాలయమున దిక్కుతోచక తిరిగినాడుగదా! ఆతని యవస్థ చదువునప్పుడు నవ్వుకొందుము. పరాయి నేలపై మొదటిరాత్రి అతడు మనకు చుట్టమగును.

సంక్రాంతి వారి పెద్దపండుగ కాదు. వారి పండుగలు పంచాంగముతో గాక పంటతో వచ్చును. కొత్త ధాన్యమునకొక పండుగ, చిక్కుడుకాయకొక పండుగ, మామిడికొక పండుగ. ఊరి పూజారియు పెద్దలును దినము నిర్ణయింతురు. వేల్పునకు పెట్టనిది ఆ కొత్తపంటను ఎవరును నోటబెట్టరు. పందిరినిండ చిక్కుడు విరగకాచియున్నను, పండుగదాక పిల్లవాడు సైత మొక్క కాయ త్రుంపడు. మేము పోయినప్పటికి ఆ యూర చిక్కుడు పండుగ ముగిసి రెండు దినములైనది. "మీరు ముందే వచ్చియుంటే కూర లేకపోయెడి దక్కా" యని చెల్లి నవ్వినది. ఆలోచింపగా ఈ నియమమునందు గొప్ప యిల్లాలితనమున్నది. కాయ ముదిరి విత్తనము నిలుచువరకు దానిని కాపాడుట, ఉన్నవాడు ముందు తిని లేనివాడు చూచుచుండుట కాక ఊరంతయు నొకేనాడు తినుట, ఈ రెండును ఆ యొక్క కట్టుబాటున నున్నవి.

మేము మాంసము ముట్టనివారమని యెరిగి చెల్లి కొత్తకుండలో చిక్కుడుకాయలును కందిపప్పును వండి, అడ్డాకు విస్తళ్లలో అందరితోపాటు మాకు వడ్డించెను. ఉదయమున జొన్న జావ. పగలు మేము ఆమెతోపాటు నీళ్లు మోసితిమి, వడ్లు చెరిగితిమి. ఆమె మాకు అడ్డాకులు కుట్టుట నేర్పెను. వెదురుపుల్లతో ఆకునకు ఆకును జోడించుచు ఆమె పది విస్తళ్లు కుట్టునంతలో మేము రెండు కుట్టితిమి. వంటయింటి పనిలో నున్న స్త్రీలకు భాష యంతగా నవసరములేదని మాకప్పుడు తోచినది.

సోదరులారా, సోదరీమణులారా! ఆతిథ్యమును గూర్చి మన గ్రంథములన్నియు గృహస్థుని ధర్మమునే విస్తరించి చెప్పును. అతిథి ధర్మ మొకటి గలదని తలచువారు తక్కువ. రామాయణమున గుహుడు ఎదురేగి భక్ష్యభోజ్యములు తెచ్చినప్పుడు, రాముడు ప్రేమను మాత్రము గైకొని, గుర్రములకు మేత చాలునని చెప్పి, తాను నేలపై పరుండెను. అడవివాని యింటికి వచ్చిన రాజకుమారుడు ఎంత తేలికగా నుండవలెనో వాల్మీకి యచ్చట చూపినాడు. అతిథి శబ్దమునకు నిత్యము నిలువనివాడని మనుస్మృతి యర్థము చెప్పుచున్నది. ఈ యర్థము మాకు పుస్తకమునందు గాక నెగడువద్ద బోధపడినది.

మూడవనాటి రాత్రి చెల్లి అత్తగారు, ముదుసలి, మాతో ముచ్చటించుచుండెను. ఎన్నాళ్లుందురని యడిగెను. కనుమ మరునాడు పోదుమంటిమి. ఆమె మా చేయి పట్టుకొని, "పోయొస్తమని చెప్పే చుట్టాలు మంచోళ్లు బిడ్డా. మా యూరికి వచ్చినోళ్లు శానామంది పోనే లేదు" అనినది. ఆ మాటలో కోపములేదు. పిమ్మట ఆమె కొడుకు వివరించెను. ఉప్పు, బట్టలు అమ్ముకొనుటకు వచ్చినవాడు మొదట అరుగుపై పడుకొనును. అప్పిచ్చును. అప్పునకు చేను కౌలు వ్రాయించుకొనును. మనుమల నాటికి చేను వానిది, కూలి వీరిది. దీని నరికట్టుటకే 1959లో భూబదలాయింపు నిబంధన పుట్టినది. 1970లో దానిని బిగించి, షెడ్యూలు ప్రాంతమున గిరిజనుల భూమి గిరిజనులకు గాక ఇతరులకు చెందరాదని శాసించిరి. కాగితముపై శాసనమున్నను మాటున జరుగునవి జరుగుచునే యున్నవని ఆయన నిట్టూర్చెను. మైదానపువారము మేము తలవంచుకొని వింటిమి.

పరదేశులందరును అట్టివారే కారు. దుమ్ముగూడెమున నివసించిన జాన్ కెయిన్ అను ఆంగ్ల మతగురువు కోయభాష నేర్చి, 1870వ దశకమున ఈ తాలూకాలను, ఇచ్చటి జనులను గూర్చి వ్రాసెను. వియన్నాలో 1909లో పుట్టిన హైమెండార్ఫ్ పండితుడు 1939లో యుద్ధమారంభమైనప్పుడు జర్మను పాసుపోర్టు గలవాడగుటచే హైదరాబాదు సంస్థానము విడిచిపోరాదని కట్టడికి లోనయ్యెను. ఆ నిర్బంధకాలమున ఆయన భార్య బెట్టీతోగూడ అడవిజనుల నడుమ నివసించి, వారి భాషలు నేర్చెను. గోదావరి కొండలలోని కొండరెడ్లను గూర్చి ఆయన వ్రాసిన గ్రంథము 1945లో అచ్చయినది. ఆదిలాబాదు మన్యమున మార్లవాయిలో గోండు పిల్లల చదువునకు ఆయన పాటుపడెను. 1987లో కన్నుమూసిన బెట్టీగారి సమాధి యచ్చటనే యున్నది. జర్మనీవారు శత్రువులని ప్రపంచము పోరాడుచున్నప్పుడు జర్మను పాసుపోర్టువాడొకడు మన అడవిలో స్నేహితుడై మెలగుట చిత్రముగదా! భూమి నడుగక భాష నడిగిన పరదేశిని గూడెము తన వానిగా నెంచుకొన్నది.

పండుగకు చెల్లి అక్కగారు కూనవరమువైపునుండి వచ్చియుండిరి. శబరి గోదావరిలో గలియు చోటది. పోలవరపు ముంపులోనిది. 2022 జూలైలో భద్రాచలమువద్ద గోదావరి 71 అడుగులు దాటినప్పుడు వారి యింట నీరు నిలిచినదట. ఇల్లు విడువవలసి వచ్చునని వారెరుగుదురు. "కొత్త కాలనీలో ఇల్లిస్తరంట. మా వేల్పు చెట్టుని యెట్ల తీసుకపోతము?" అని యామె యనినప్పుడు నెగడు చుట్టును ఎవరును మాటాడలేదు. మేము వారి గడపలో నాలుగు దినముల పరదేశులము. మా యిల్లు మాకున్నది. ఆమె తాను పుట్టిన నేలకే పరదేశి కాబోవుచున్నది. ఈ రెంటికిని మధ్య నెంత యంతరమో ఆ రాత్రి మా పిల్లలకు సైతము తెలిసినట్లుండెను. మా చిన్నది లేచిపోయి ఆమె ఒడిలో తలబెట్టుకొని పరుండినది.

కనుమ మరునాటి యుదయమున మంచు విడువకముందే మూట కట్టుకొంటిమి. చెల్లి ఎండు ఇప్పపూవు, చిక్కుడు విత్తనములు, తాను కుట్టిన విస్తళ్ల కట్ట యిచ్చినది. మేము పిల్లలకు పలకలు, అవ్వకు కంబళి యిచ్చితిమి. అవ్వ వాగుదాక వచ్చి, "మళ్లీ రా బిడ్డా" యనినది. చుట్టమునకే చెప్పదగిన మాట యది.

సోదరీమణులారా! సెలవులలో మీరును ఎచ్చటికైన పోవుదురు. జర్మనీకైన పొండు, భద్రాద్రి యడవికైన పొండు. పోవునప్పుడు రెండు సంగతులు జ్ఞప్తియం దుంచుకొనుడు. గృహిణి భాషలో నీటి నేమందురో మొదట నేర్చుకొనుడు. ఎన్నటికి తిరిగిపోదురో ఆమె యడుగకముందే చెప్పుడు. ఆమె యిచ్చిన విత్తనములను మేము మాఘమాసమున పెరట నాటితిమి. తీగ పందిరికెక్కినది. వచ్చు చలికాలమున కాయలు కాచిన పిమ్మట, చెల్లిని పిలిచి, ఆమె చేతితో వేల్పునకు పెట్టించిన తరువాతనే మా యింట చిక్కుడుకాయ వండవలెనని నిశ్చయించుకొంటిమి.