గోపురము మీది సిలువ దీపము

మా గ్రామము పరకాలకు దగ్గరలో నున్నది. రాత్రివేళ చెరువు కట్ట మీదికి రాగానే మా గుడి గోపురమును, దాని మీది 8 అడుగుల సిలువయు కనబడును. ఆ సిలువకు దీపము పెట్టించిన సంగతి నా తప్పిదముతోనే మొదలగుచున్నది గనుక, సహోదరులారా, దాచక వ్రాయుచున్నాను.

2021 క్రిస్మసుకు ముందు, పంటకోత పండుగ కానుకలలో కొంత తీసి సిలువను వెలిగింపవలెనని సంఘస్థులు కోరిరి. నేను సంఘ కోశాధికారిని. బడిపంతులుగా పనిచేసి విరమించిన వాడను. లెక్కలలో గట్టివాడనని కొంచెము గర్వము కూడ నుండెను. చవుకగా దొరకు సీరియల్ బల్బులు కొని సిలువకు చుట్టించి, మిగిలిన డబ్బును పద్దులో చూపితిని. పెద్దలు మెచ్చుకొనిరి.

ఫిబ్రవరి నాటికి ఎడమ ప్రక్క ఆరిపోయెను. ఆ తీగలలో దీపములు ఒకదాని వెంట ఒకటిగా కూర్చబడి యుండును. ఒకటి తెగిన యెడల ఆ వరుస యంతయు చీకటియే. పరకాల అంగడిలో కూరగాయలమ్మి ఆటోలో తిరిగి వచ్చు ఒక అవ్వ, "కొడుకా, మన సిలువకు ఒక చెయ్యి లేదేంది?" అని నన్నడిగెను. చూతములే అంటిని. జూలై వరకు చూడనే లేదు.

జూలైలో యౌవనస్థుడొకడు తానే బాగుచేసెదనని పైకెక్కెను. ముందటి రాత్రి వాన కురిసియుండెను. అతుకు దగ్గర తీగ తొడుగు ఎండకు పగిలి, 230 వోల్టుల కరెంటు వాని చేతికి తగిలెను. దేవుని కృప వలన నేలకు పడలేదు. క్రింది మిద్దె మీద పడి భుజపుటెముక విరుగగొట్టుకొనెను. ఆ వానకాలమంతయు పత్తి చేనులో వాని పని పోయినది. బల్బులలో నేను మిగిల్చిన దానికంటె ఆసుపత్రి ఖర్చే ఎక్కువాయెను. ఆ ఖర్చును పద్దులో ఏ పేరు క్రింద వ్రాయవలెనో నాకు తోచలేదు. వాని తల్లి మాత్రము ఒక్క మాటయే అనినది: "సారూ, లైటు కోసం నా పిల్లగాన్ని మళ్ల పైకి ఎక్కియ్యద్దు."

దీపము ఎన్నాళ్లు మన్నునన్న ప్రశ్న డబ్బును గూర్చినది కాదనియు, ఎన్నిమార్లు మనుష్యుని పైకి పంపవలెనన్నదే దాని అర్థమనియు అప్పుడు తెలిసికొంటిని.

పాత తంతి బల్బు ఆయువు సుమారు 1,000 గంటలు. సంజె మొదలు తెల్లవారు వరకు 12 గంటలు వెలిగినచో మూడు నెలలైనను నిండవు. నియాన్ దీపమును జార్జ్ క్లాడ్ అనునతడు 1910లో పారిస్‌లో ప్రదర్శించెను. అది చాలకాలము మన్నును గాని గాజు గొట్టము, దానికి వేలకొలది వోల్టులు. మా గోపురము మీదికి అది వద్దంటిని. నీలి వెలుగునిచ్చు ఎల్‌ఈడీని కనుగొన్న ముగ్గురికి 2014లో నోబెల్ బహుమానము వచ్చినది. దాని వలననే నేటి తెల్లని ఎల్‌ఈడీలు మనకు దొరకుచున్నవి. మంచివాటికి 50,000 గంటలని వ్రాయుదురు. రాత్రి కంతయు వెలిగినను 11 ఏండ్లు దాటును. అయితే ఆ లెక్క, వెలుగు మొదటి దానిలో 70 శాతమునకు తగ్గు వరకే. ఎల్‌ఈడీ సాధారణముగా ఒక్కసారిగా ఆరదు, మెల్లగా మసకబారును.

ఇక్కడనే చాలమంది మోసపోవుదురు. తరచుగా ముందు చెడునది ఎల్‌ఈడీ కాదు, దానికి కరెంటునిచ్చు డ్రైవరు పెట్టె. అందులోని కెపాసిటరుకు వేడి శత్రువు. 10 డిగ్రీల వేడి పెరిగిన యెడల ఆయువు సుమారు సగమగును. మా ఎండలలో గోపురము మీద దానిని బిగించుట, రొట్టెను పెనము మీదనే మరచుట వంటిది.

కావున 2022 డిసెంబరులో డ్రైవరును క్రింద, కాపరిగారి గదిలో, చేతికందు ఎత్తున పెట్టించితిమి. పైకి పోవునది 24 వోల్టులు మాత్రమే. 12 వోల్టులైనను చాలును గాని దూరము పోవు కొలది తీగలో నష్టము హెచ్చు. 24 అయిన యెడల అదే తీగలో ఆ నష్టము నాలుగవ వంతే. సిలువకు 40 వాట్లు కావలెను, 60 వాట్ల డ్రైవరు కొంటిమి, అది ఆయాసపడకుండునట్లు. మాడ్యూళ్లు ఐపీ 67 గుర్తు గలవి: 6 దుమ్మును, 7 నీటిని ఆపునని అర్థము. ఒక మాడ్యూలు చెడినను తక్కినవి వెలుగునట్లు కలిపించితిమి. తెలుపు బదులు పసుపు వన్నె వెలుగు తీసికొంటిమి, వానకాలపు పురుగులు దానికి తక్కువ మూగును. రాత్రికి సుమారు అర యూనిటు కాలును.

మరియొక డ్రైవరును కొని బీరువాలో పెట్టించితిని. ఇది దుబారా అని ఒక పెద్ద ఆక్షేపించెను. పదిమంది కన్యకల ఉపమానమును ఆయనయే ఎన్నోమారులు ప్రసంగించియుండెను గనుక నేనేమియు బదులు చెప్పలేదు.

మొన్నటి గాలివానలో కరెంటు పోయి వచ్చిన తరువాత సిలువ వెలుగలేదు. డ్రైవరు చెడినది. మెయిను ఆపి, బీరువాలోని దానిని తీసి, నేల మీదనే నిలుచుండి పావుగంటలో మార్చితిని. ఆ పిల్లవాడు టార్చి పట్టుకొనెను. వాని తల్లి గుమ్మమునొద్ద నిలిచి, గోపురము వైపు కాదు, కొడుకు కాళ్ల వైపు చూచుచుండెను.

"అయిపోయిందా, సారూ?"

"అయిపోయిందమ్మా."

అప్పుడు ఆమె తల యెత్తి పైకి చూచెను.