తాళంచెవి మీద పెన్సిల్ గీతలు

ఇది సెమినార్ అంటే భయపడే మన తమ్ముళ్లు, చెల్లెళ్ల కోసం.

కిషన్‌బాగ్‌లో మా హాస్టల్ రూంలో నా ట్రంకుపెట్టె తాళం పట్టేసింది. లోపల ఎస్టీ సర్టిఫికెట్, మెమోలు. మర్నాడే స్కాలర్‌షిప్ వెరిఫికేషన్. బిగుసుకుంటోందని నెల నుంచి కొబ్బరినూనె పోస్తూనే ఉన్నా. గల్లీ చివర తాళాలు బాగుచేసే చాచాని పిలుచుకొచ్చా. "తేల్ నక్కో బేటా" అన్నాడు. నూనెకి దుమ్ము అంటుకుని లోపల జిగురైందంట. పెట్రోలుతో కడిగి, నా పెన్సిల్ తీసుకొని తాళంచెవి పళ్ల మీద గట్టిగా రుద్ది, నాలుగుసార్లు తిప్పాడు. టక్కున వచ్చింది.

ఆ వారమే నాకు సెమినార్ టాపిక్ పడింది: గ్రాఫైట్ కలిపిన సెల్ఫ్ లూబ్రికేటింగ్ పాలిమర్ కాంపోజిట్లు. పేరు చూసే చెమటలు పట్టినయ్. మా ఇంట్లో కాలేజీకి వచ్చింది నేనే మొదలు, అడుగుదామంటే ఎవరూ లేరు. చదువుతుంటే చాచా పెన్సిలే గుర్తొచ్చింది. పెన్సిల్ లెడ్ అంటే బంకమట్టి కలిపిన గ్రాఫైటే.

గ్రాఫైట్‌లో కార్బన్ పొరలు పొరలుగా ఉంటది. పొరకీ పొరకీ మధ్య పట్టు తక్కువ, అందుకే జారుతయ్. 1938లో రాయ్ ప్లంకెట్ అనుకోకుండా కనిపెట్టిన టెఫ్లాన్ కూడా బాగా జారుతది గానీ, ఒక్కదాన్నే ఇనుము మీద రుద్దితే తొందరగా అరుగుతది. గ్రాఫైట్ పొడి కలిపితే అరుగుదల బాగా తగ్గుతది. మొదట్లో కొంచెం అరిగి, ఆ పొడే ఇనుము మీద పల్చటి పొరగా అతుక్కుంటది. తర్వాత రాపిడి ఆ పొర మీదే. అందుకే ఇట్లాంటి బుష్‌లకి గ్రీజు అక్కర్లేదు. అట్లని ఎక్కువ కలిపితే ముక్క బలం తగ్గుతది. గ్రాఫైట్ జారాలంటే గాలిలో తేమ కూడా కావాలి. వాక్యూమ్‌లో అదే గ్రాఫైట్ పొడిపొడిగా రాలిపోతది.

ఇంకో సంగతి చదివి రాత్రి నిద్ర పట్టలేదు. తూర్పు కనుమల్లో గ్రాఫైట్ ఉండే రాయి పేరు ఖోండలైట్. ఖోండు ఆదివాసుల పేరు మీద 1902లో టి. ఎల్. వాకర్ అనే భూగర్భ శాస్త్రవేత్త పెట్టిన పేరది. నా మొదటి స్లైడ్ అదే పెట్టా.

సెమినార్‌లో సారు, "ఆయిల్ పోస్తే సరిపోదా?" అని అడిగారు. ఇంగ్లిష్‌లో రెండు వాక్యాలకే ఆగిపోయా. ఆఖరికి ట్రంకుపెట్టె కథ తెలుగులోనే చెప్పా. వెనక బెంచీలు నవ్వినయ్. సారు నవ్వలేదు, "కరెక్ట్, కూర్చో" అన్నారు.

ఇంగ్లిష్ నేర్చుకోవాల్సిందే, నేర్చుకుంటున్నా. కానీ అది వచ్చేదాకా నోరు మూసుకొని కూర్చోవద్దు. స్లైడ్లు కావాల్సినోళ్లు అడగండి, పంపిస్తా.