దమ్ము చేలో పట్టు విద్య

రాజమండ్రి నుంచి ధవళేశ్వరం బ్యారేజీ మీదుగా బొబ్బర్లంక, రావులపాలెం దాటి కోనసీమ లోపలికి... కాలవలకి నీళ్లొదిలిన కొత్తలో ఓసారి వెళ్లి చూడండి. కొబ్బరి తోటలు, అరటి తోటలు అయిపోగానే వరిచేలు మొదలవుతాయి. పిక్కల్లోతు బురద, దానిమీద బెత్తెడు నీళ్లు. మధ్యలో ఓ ట్రాక్టరు. వెనక టైర్ల బదులు ఇనుప పంజరాల్లాంటి చక్రాలు. డ్రైవరు క్లచ్ వదులుతాడు. ముక్కు జానెడు పైకి లేస్తుంది. వెనక చక్రాలకి పట్టు దొరుకుతుంది. బండి బురదని చీల్చుకుంటూ కదులుతుంది. వెనకే పురుగుల కోసం కొంగలు!

డ్రాగ్ రేసు చూసినవాళ్లకి ఈ ముక్కెత్తడం కొత్తేం కాదు. అక్కడా ఇదే తంతు. తిన్నటి రోడ్డు, పావు మైలు... అంటే 402 మీటర్లు. గెలుపోటములు చాలావరకు కారు కదిలే మొదటి క్షణంలోనే తేలిపోతాయి. ఇంజిన్లో ఎన్ని గుర్రాలుంటే ఏం, టైరు నేలని పట్టుకోకపోతే ఉన్నచోటే గిర్రున తిరిగి పొగ తప్ప ఏమీ మిగలదు. అందుకే మెకానిక్కులు సస్పెన్షన్‌తో కుస్తీ పడతారు. కారు ముందుకి దూకినప్పుడు బరువు వెనక్కి జరుగుతుంది కదా, ఆ బరువే వెనక టైర్లని నేలకి నొక్కుతుంది. ముక్కు తేలిగ్గా లేచేలా ముందు షాక్ అబ్జార్బర్లని వదులు చేస్తారు. తోక ఒక్కసారిగా కుంగిపోకుండా వెనకవాటిని బిగిస్తారు. టైర్లలో కాస్త గాలి తీస్తారు. ముక్కు మరీ లేస్తే ప్రమాదమని కొన్ని కార్లకి వెనక చిన్న చక్రాలున్న కడ్డీలు కూడా బిగిస్తారు.

మన దమ్ము ట్రాక్టరుకి ఈ భాగ్యం లేదు. వెనక స్ప్రింగులూ లేవు, అబ్జార్బర్లూ లేవు. ఇరుసు బాడీకే బిగించి ఉంటుంది. ఉన్న సస్పెన్షనల్లా డ్రైవరు ఎడమకాలే! క్లచ్ మీద ఆ కాలు ఎంత మెల్లగా లేస్తే పట్టు అంత బాగా దొరుకుతుంది.

పైగా ఈ నేల తారురోడ్డు కాదు. 1847 నుంచి 1852 దాకా కాటన్ దొర ఆధ్వర్యంలో కట్టిన ఆనకట్ట పుణ్యమాని నీళ్లు పారిన ఒండ్రునేల. తర్వాత దాని బదులు ఇప్పటి బ్యారేజీ వచ్చింది. సార్వాకీ దాళ్వాకీ దమ్ము చేసీ చేసీ పైపొర వెన్నలా మెత్తబడింది, అడుగున మాత్రం గట్టిపొర కట్టింది. మామూలు టైరుకి బురద పట్టిందంటే గాళ్లు పూడుకుపోయి నున్నటి రోలైపోతుంది. పంజరం చక్రానికున్న పలకలైతే తెడ్డు వేసినట్టు బురదని వెనక్కి నెడతాయి. మెట్టలో దున్నేటప్పుడు పట్టు కోసం టైర్లలో నీళ్లు నింపి బరువు పెంచుతారు. ఇక్కడ అదే పని చేస్తే బండి ఇరుసుదాకా దిగబడుతుంది. పట్టూ కావాలి, బరువూ ఎక్కువ కాకూడదు. ఏ రేసు మెకానిక్కు వచ్చినా ఈ లెక్క దగ్గర తల గోక్కోవాల్సిందే.

ఈ లెక్కతో జీవితాంతం కుస్తీ పట్టినవాడు ఐర్లాండుకి చెందిన హ్యారీ ఫెర్గూసన్. ఆ రోజుల్లో ట్రాక్టరు వెనక నాగలిని గొలుసుతో ఈడ్చేవాళ్లు. నాగలి ఏ రాయికో తగులుకుంటే ట్రాక్టరు వెనక్కి తిరగబడి డ్రైవరు దానికింద నలిగిపోయేవాడు. 1920ల్లో ఫెర్గూసన్ మూడు కడ్డీలతో నాగలిని బండికే బిగించే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. నాగలి బరువు, మట్టి లాగే బలం వెనక చక్రాలని కిందికి నొక్కుతాయి. అదే పైకడ్డీ ముక్కు లేవకుండా పట్టి ఉంచుతుంది. ఇవాళ మన ట్రాక్టర్ల వెనక కనిపించేది ఆ ఏర్పాటే. అసలు సంగతి ఇంకోటుంది. ఆయన కంపెనీ తయారుచేసిన నాలుగు చక్రాలూ లాగే రేసు కారు పీ99ని 1961లో ఇంగ్లాండులోని ఔల్టన్ పార్కులో స్టిర్లింగ్ మాస్ నడిపి గోల్డ్ కప్ గెలిచాడు. అప్పటికి ఫెర్గూసన్ లేడు, 1960లోనే పోయాడు. నాగలికీ రేసుకీ ఇంత దగ్గరి చుట్టరికమని ఎవరనుకుంటారు!

అయితే ఫెర్గూసన్ కడ్డీలు కూడా కాపాడలేని సందర్భం ఒకటుంది. ట్రాక్టరు దిగబడిపోయింది. చీకటి పడుతోంది, అవతల ఊడ్పులకి కూలీలని మాట్లాడేసుకున్నారు. అప్పుడు కొందరు చక్రాలకి ముందు అడ్డంగా ఓ దుంగ కట్టి, గేరేసి, ఇంజిన్ రెయిజ్ చేస్తారు. దుంగ ఎక్కి బయటపడదామని. చక్రం మాత్రం దుంగకి తన్నుకుని కదలదు. ఇంజిన్ బలం ఊరుకుంటుందా? చక్రం తిరగనప్పుడు ఇరుసు చుట్టూ బండే తిరుగుతుంది. ముక్కు ఆకాశానికి లేస్తుంది. మొత్తం తిరగబడడానికి సెకనున్నర కూడా పట్టదు. దూకే వ్యవధి ఎక్కడిది? చాలా బళ్లకి నెత్తిన ఎండ కోసం వేసిన టాపు తప్ప డ్రైవరుని కాపాడే గట్టి ఫ్రేము ఉండదు. డ్రాగ్ కారుకి బెల్టూ పంజరమూ ఉంటాయి. ఇక్కడున్న పంజరం చక్రాలకే.

అనుభవమున్న డ్రైవరు ఆ పని చెయ్యడు. లుంగీ ఎగ్గట్టి దిగి, వెనక చక్రాల దగ్గర పారతో బురద తీస్తాడు. రివర్సు గేరేసి మెల్లగా వదులుతాడు. రాకపోతే ఇంజిన్ ఆపేసి, పక్క చేలో తిరుగుతున్న ఇంకో ట్రాక్టరుకి చెయ్యూపి గట్టుమీద కూర్చుంటాడు. అదొచ్చి గొలుసు తగిలించేలోపు ఓ టీ అయిపోతుంది.