కనబడకపోవడం, లేకపోవడం

చీకటిగదిలోకి తొంగిచూసి “ఇక్కడ ఘటం లేదు” అనేవాని మాటను మీమాంసకులు ప్రమాణంగా స్వీకరించరు. కుమారిలభట్టు అనుయాయులూ, అద్వైతులూ అనుపలబ్ధిని ప్రత్యేక ప్రమాణంగా అంగీకరించారు గాని, దానికి ‘యోగ్య’ అనే విశేషణాన్ని చేర్చారు. వస్తువు ఉండి ఉంటే తప్పక కనబడేదే అనగల స్థితిలో మాత్రమే కనబడకపోవడం అభావాన్ని తెలుపుతుంది. వెలుతురు లేనిచోట ఆ యోగ్యత లేదు. ధర్మరాజాధ్వరీంద్రుల వేదాంతపరిభాషలో ఈ విచారణ విపులంగా ఉంది.

రాత్రివేళ వాహనాన్ని వెనుకకు నడిపేవాడు ప్రతిసారీ ఈ సమస్యనే ఎదుర్కొంటాడు. అద్దంలో ఏమీ కనబడదు. ఏమీ లేదని వెనుకకు వస్తాడు.

కోనసీమలో పెళ్ళిళ్ళకు అద్దెకారు తిప్పే ఒక గృహస్థుకు ఇది నిత్యానుభవం. కాలువగట్టు మీద ఒకవైపు నీరు, రెండోవైపు కొబ్బరితోట పల్లం. ఎదురుగా ట్రాక్టరు వస్తే చాలాదూరం వెనుకకు రాక తప్పదు. పన్నెండేళ్ళ కుమారుడు దిగి, సెల్‌ఫోను లైటు పట్టుకొని, “రానియ్ నాన్నా, రానియ్” అంటూ వెనుక నిలబడేవాడు. ఆ లైటు అద్దంలో తళుక్కున మెరిసి, పట్టుకున్నవానినే మరుగుపరచేది. ఆ తండ్రిని భయపెట్టినది కాలువ కాదు; బిడ్డ ఎక్కడున్నాడో తెలియకపోవడం.

కొత్త దీపం కొనడానికి ముందు అతడు పాతవాటిని పరిశీలింపజేశాడు. ఇది వివేకం; చాలామంది చేయరు. రెండు రివర్స్ లైట్లలో ఒకటి మాడిపోయింది. రెండవదాని గాజు పసుపుబారింది, ఎర్తు వైరు తుప్పుపట్టింది. ఇటువంటి బల్బు సాధారణంగా 21 వాట్లది. తుప్పు వలన వోల్టేజి పదోవంతు తగ్గినా, వెలుగు దాదాపు 30 శాతం క్షీణిస్తుంది. ఎర్తు శుభ్రపరచి, గాజులూ బల్బులూ మార్చేసరికే సగం పని నెరవేరింది.

ఆపైన బంపరు క్రింద 18 వాట్ల ఎల్‌ఈడీ దీపాన్ని అమర్చాడు. 12 వోల్టుల వద్ద అది ఒకటిన్నర ఆంపియర్లు తీసుకుంటుంది. ఆ భారమంతా గేరుబాక్సు స్విచ్చిపై మోపకుండా, బ్యాటరీనుండి ఫ్యూజు ద్వారా వేరే వైరు లాగి, పాత వైరుతో రిలేను మాత్రమే పనిచేయించాడు మెకానిక్కు. దీపం ముఖాన్ని కాస్త నేలకు వంచారు. క్రిందనుండి ఏటవాలుగా పడే వెలుగులో గులకరాయి కూడా బండంత నీడ వేస్తుంది. అయినా గుంతలూ గట్టు అంచూ స్పష్టపడేది ఆ నీడలవల్లనే.

దానికి వేరే స్విచ్చి పెట్టమని ఒకరు సలహా ఇచ్చారు. అతడు ఒప్పుకోలేదు, మంచిదే. రివర్స్ గేరు లేనప్పుడు వెనుక తెల్లని దీపం వెలిగితే, వచ్చేవారి కళ్ళు చెదురుతాయి, వాహనం ఎటు పోతున్నదో వారికి భ్రాంతి కలుగుతుంది. వాహనంలో మార్పులను 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను నియంత్రిస్తుంది గనుక, అదనపు దీపానికి ముందే రవాణా కార్యాలయంలో విచారించడం ఉచితం.

2019 జులై 1 నుండి మనదేశంలో కొత్త కార్లకు రివర్స్ సెన్సారు తప్పనిసరి. అది ఉపకారియే. కాని అది ధ్వనితరంగాన్ని పంపి ప్రతిధ్వనిని వింటుంది; గోడ ఉంటే మోగుతుంది. కాలువ అంచు దాటాక నేల లేదన్న సంగతికి ప్రతిధ్వని ఏది? అక్కడ యంత్రం మౌనం వహిస్తుంది, ఆ మౌనాన్ని నిరపాయమని భ్రమించేవారున్నారు. కెమెరాకూ వెలుతురే ఆధారం.

ఇప్పుడా కుర్రవాడు కారు వెనుక నిలబడడు. డ్రైవరు కిటికీకి సూటిగా, తండ్రికి కనబడేలా ప్రక్కగా నిలుస్తాడు. బండి క్రింద మాత్రం ఇంకా చీకటే. అందుకే గేరు వేసేముందు తండ్రి ఒకసారి దిగి, చుట్టూ నడిచి, చక్రాల వద్ద కుక్కపిల్లలున్నాయేమో వంగి చూస్తాడు.