వేలిముద్ర

నేనొక ప్రైవేటు వైద్యశాలలో పదునొకండేండ్లు గుమాస్తాగా నుంటిని. ఆరోగ్యశ్రీ రోగులు ఇంటికి పోవునప్పుడు వారి కాగితములు సిద్ధపఱచుట నా పని. 2007లో అప్పటి ఆంధ్రప్రదేశమున ఆరంభమైన ఆ పథకమునందు బీదలు పైకము చెల్లింపనక్కఱలేదు. పరీక్షలు, మందులు, భోజనము, తిరుగుప్రయాణపు ఛార్జీ కూడ ప్రభుత్వమిచ్చు ప్యాకేజీలోనివే. అవి ముట్టినవని రోగి ముద్రవేసిన లేఖను జతపఱచి వైద్యశాలవారు సొమ్ము కోరుదురు.

ఒకనాడొక వృద్ధురాలు, కొడుకునకు శస్త్రచికిత్సయైన పిమ్మట, నా బల్లయొద్దకు వచ్చెను. పరీక్షలకని ఆమెచే నాలుగువేల రూపాయలు కట్టించిరి, రసీదు లేదు. ఛార్జీ యిచ్చినట్లు కాగితము మాత్రము సిద్ధముగా నుండెను. బొటనవ్రేలికి సిరా అద్దుకొనుచు, "ఇందులో ఏముంది బాబూ?" అని యడిగెను. "ఏమీ లేదమ్మా, ఇంటికి పంపడానికే" అంటిని. ఆమె నాకు దండము పెట్టి పోయెను.

నాతోడి యుద్యోగుల యభిప్రాయములు నే నెఱుగుదును. "పాపము యజమానిది, మనము జీతగాండ్రము" అని క్యాషియరు. "నోరు విప్పిన మఱునాడు కొలువుండదు" అని నర్సు. "నేనడిగిన ఇరువది రూపాయలు లంచము, డాక్టరుగారి కమీషను మర్యాదయా?" అని వార్డుబాయి. వానికి చెప్పుటకు నాయొద్ద జవాబు లేదు. రోగిని పంపినందులకు కమీషను పుచ్చుకొనుటను 2002 నాటి వైద్యవృత్తి నియమములు నిషేధించినవి. దానిని లంచమని పిలుచు ధైర్యము మాత్రము మాలో నెవ్వరికిని లేదు.

నర్సు భయమును నేను పరిహసింపను. అక్రమములను బయటపెట్టువారి రక్షణకై 2014లో పార్లమెంటు చేసిన చట్టము ఏండ్లు గడచినను అమలులోనికి రాలేదు. అదియు ప్రభుత్వోద్యోగుల అక్రమములను గూర్చినదే. కాని క్యాషియరు మాట నే నొప్పుకొనజాలను. ఆ ముద్ర వేయించినది యజమాని కాదు, నేను. మోసము మేడగదిలో పుట్టినను, గుమాస్తా కలమును, తక్కినవారి మౌనమును లేనిదే గడప దాటజాలదు.

పిమ్మట నేను ప్రతి కాగితమును రోగికి చదివి వినిపింపసాగితిని. మూడు వారములలో నన్ను వేఱొక విభాగమునకు మార్చిరి. ఆ వృద్ధురాలి యూరు దస్త్రములో నుండెను; పోయి నిజము చెప్పుటకు నాకు మొగము చెల్లలేదు.

చదువరులారా, మీ యింట వైద్యశాలలో పనిచేయువారున్నచో, జీతమెంత యని యడుగుటతో నూరకుండకుడు. నేడు ఎవరిచేత దేనిపై ముద్ర వేయించితివని కూడ అడుగుడు. నన్నానాడు ఎవ్వరును అడుగలేదు.